గొడుగు గాలం సెట్టు కొనేముందు ఇది చదవండి

కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు గాలం వేసే అన్నదమ్ములకు ఒక మాట. ఫోన్లో వీడియోలు చూపించి "డ్యాం ట్రోలింగ్ కాంబో" అని ఒక సెట్టు అమ్ముతాండారు. గొడుగు ఊచల మాదిరి ఐదు తీగలు, ఒక్కో తీగ చివర ముల్లున్న రబ్బరు చేప, దాంతోపాటు ఒక చుట్ట బ్రెయిడ్ (అల్లిన) దారం. అమ్మినోళ్ల పేరు రాయను, బొమ్మ చూస్తే మీకే తెలుస్తాది. 2,350 రూపాయలు పెట్టి కొని, ఒక్క పూటలో గండికోట డ్యాం నీళ్లపాలు చేసి వచ్చినా.

గొడుగు గాలం అనేదే మోసం అనడంలేదు. పడవ మెల్లగా పోతాంటే వెనకాల ఐదు చేపపిల్లలు గుంపుగా ఈదినట్టు కనపడాల, వేటాడే చేప వచ్చి ఒకదాన్ని పట్టుకోవాల. అదీ కథ. 2011లో అమెరికాలో గంటర్స్‌విల్ సరస్సులో చేపలు పట్టే పోటీలో పాల్ ఎలియాస్ అనే ఆయన ఇట్లాంటి గాలంతోనే గెలిచినాడు. అయితే అది బాస్ చేప ఉండే సరస్సు, మనకా బాస్ లేదు.

ప్యాకెట్ మీద మాత్రం బొచ్చె బొమ్మ వేసినారు! బొచ్చె పైనీళ్లలో కంటికి ఆనని సన్న జీవుల్ని వడగట్టుకుని తింటాది. దాని వెనక రబ్బరు చేపను సాయంత్రందాకా లాగినా తిరిగి చూడదు. కొరమీను రబ్బరును పట్టుకుంటాది గానీ, అదుండేది గట్టు పక్కన నాచులో. ఐదు ముళ్లు నాచులోకి పోతే వచ్చేది చేప కాదు, గడ్డిమోపు. ఇంక మిగిలింది వాలుగ. నేను దాని ఆశమీదే పోయినా.

కొండాపురం వైపు తెలిసినాయన పడవలో నేనూ మా బామ్మర్దీ ఎక్కినాం. ఆయన గాలం చూసి నవ్వి, "ఏం నాయనా, పెండ్లికి తోరణం కడ్తాండావా?" అన్యాడు. ముందే తూకం వేసినా, తీగలూ సీసం తలలూ అన్నీ కలిపి 90 గ్రాములు దాటింది. నా గాలం రాడ్డు తట్టుకునే బరువని దాని మీద రాసుండేది 40 గ్రాములు. అప్పుడే బుద్ధి రావాల్సింది.

అరగంటకు ఒక్క గుంజు. రాడ్డు వంగింది, వెంటనే లేచింది. పైకి లాగి చూస్తే ఒక తీగ చివర రబ్బరు చేప లేదు. దాన్ని పట్టుకోవాల్సిన కొక్కెం (స్నాప్) పిన్నీసు మాదిరి తెరుచుకునుంది. మిగతా నాలుగూ వేలితో నొక్కి చూసినా, రెండు అట్లే ఊడొచ్చినాయి. మెలిపెట్టి బిగించి మళ్లీ వదిలినాం. ఆ పని చేయకుండా ఉండాల్సింది.

ఇంకో పది నిమిషాలకు గాలం కదలకుండా నిలబడిపోయింది. "కింద చింతచెట్లుండాయి నాయనా, ఇదంతా ఊరు గదా" అన్యాడు పడవాయన. తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగిన నీళ్లవి. ఒక్క ముల్లయితే అటూ ఇటూ కదిలిస్తే వస్తాది. మిగిలిన నాలుగు ముళ్లు నాలుగు కొమ్మల్ని పట్టుకుంటే ఏం చేస్తాం? చేతికి గుడ్డ చుట్టుకుని లాగితే దారం పుటుక్కుమనింది.

దారం చుట్ట మీద 50 పౌండ్లు మోస్తాదని రాసుంది, అంటే 22 కిలోల పైన. ఇంటికొచ్చి మిగిలిన దారానికి ఖాళీ బకెట్టు కట్టినా. ముడి దగ్గర తెగిందనే మాట రాకుండా పైన గొట్టానికి, కింద బకెట్టు పిడికి పదేసి చుట్లు చుట్టి, లీటరు చెంబుతో నీళ్లు పోస్తా పోయినా. తొమ్మిది చెంబులకు బాగానే ఉండె. పదోది సగం పోసేలోపల బకెట్టు కిందపడింది, మా ఆవిడ బండలు కడిగే పని తప్పింది.

అమ్మినోళ్లకు వీడియో పంపితే "మీకు వాడడం రాలేదు" అన్యారు. డబ్బులు వెనక్కడిగితే ప్యాకెట్ విప్పేటప్పుడు తీసిన వీడియో కావాలన్యారు. ఆ తర్వాత నా నంబరు బ్లాక్.

ఇంకా కొనాలనుకునేవాళ్లు కనీసం స్నాప్‌లు వేలితో తెరిచి చూడండి, దారానికి బకెట్టు కట్టి చూడండి. విప్పేటప్పుడు వీడియో తీయండి, నేను తీయలేదు. మునిగిన ఊళ్ల మీద మాత్రం ఐదు ముళ్లు వదలొద్దు, ఒకట్రెండు చాలు. మత్స్యకారుల వలలు యాడ కట్టినారో కూడా ముందే అడగండి. వల చినిగితే ఈ సెట్టు ధర కంటే ఎక్కువే కట్టాల్సి వస్తాది, పైగా వాళ్ల కడుపు కొట్టినట్టు.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టినా. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మే వేదిక 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాల, నెలలోపల తేల్చాల. ఈ పొద్దుటికి ఆరు రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు. ఏదన్నా తేలితే ఇక్కడే రాస్తా.