అమెరికాలో చెక్, స్లొవాక్ పండుగలు: వెళ్తే ఏ ఊరికి వెళ్లడం మేలు?

డల్లాస్ నుంచి ఆస్టిన్ వెళ్లే తెలుగువాళ్లు చాలామంది ఐ-35 మీద 353వ ఎగ్జిట్ దగ్గర ఆగుతారు. వెస్ట్ అనే చిన్న ఊరది. కొలాచీలు అనే తీపి రొట్టెలు ఒక డబ్బా కట్టించుకుని మళ్లీ రోడ్డెక్కుతారు. ఆ కొలాచీలు మధ్య ఐరోపా నుంచి వలస వచ్చిన చెక్‌లవి, వాళ్ల పండుగ చూడాలనిపిస్తే మాత్రం వెస్ట్ ఒక్కటే దిక్కు కాదు. నెబ్రాస్కాలో విల్బర్, అయోవాలో సీడర్ ర్యాపిడ్స్, పెన్సిల్వేనియాలో పిట్స్‌బర్గ్ కూడా ఉన్నాయి. పైకి ఒకేలా కనిపించినా ఈ నాలుగూ నాలుగు రకాలు. చెక్ దేశంలో తూర్పు భాగం మొరావియా, పడమటి భాగం బొహీమియా. టెక్సస్‌లో దిగినవాళ్లలో మొరావియావాళ్లు ఎక్కువ, నెబ్రాస్కాలో, అయోవాలో బొహీమియావాళ్లు ఎక్కువ. స్లొవాక్‌లు పెన్సిల్వేనియా బొగ్గు గనులకూ ఉక్కు మిల్లులకూ వెళ్లారు. అందుకే యాస, బట్టలు, బ్యాండు అన్నీ ఊరిని బట్టి మారతాయి.

ఒక్కదానికే వెళ్లే వీలుంటే మా ఓటు విల్బర్‌కే. జనాభా రెండు వేలు కూడా లేని ఊరు, 1962 నుంచి ఆగస్టు మొదటి వారాంతంలో మూడు రోజులు చెక్ డేస్ చేస్తోంది. పండుగను ఏదో మైదానంలో పెట్టరు, ఊరి నడివీధే వేదిక. శని, ఆదివారాల్లో ఊరేగింపు ఉంటుంది. మిస్ చెక్-స్లొవాక్ యూఎస్ పోటీ కూడా ఇక్కడే జరుగుతుంది కాబట్టి, క్రోయ్ అనే సంప్రదాయ దుస్తులు ఇన్ని రకాలు ఒకేచోట కనిపించడం అమెరికాలో అరుదు. వాటిని చూసేటప్పుడు ముందు తల చూడండి. పెళ్లయిన స్త్రీ జుట్టు కప్పే టోపీ పెట్టుకోవడం, పెళ్లికాని పిల్ల పూలకిరీటమో రిబ్బన్లో పెట్టుకోవడం పాత ఆచారం. తర్వాత పావడా చూడండి. బొహీమియాలోని ప్ల్జెన్ ప్రాంతపు స్త్రీలు గంజిపెట్టిన లోపావడాలు ఒకదానిమీద ఒకటి అనేకం వేస్తారు, నడుము కింద గొడుగు విప్పినట్టు ఉంటుంది. ఎండలో అది కట్టుకుని నడవడం మాటలు కాదు. ఫొటో కావాలంటే ఊరేగింపు మొదలవకముందే అడగండి, ముగిశాక అందరూ నీడకూ నీళ్లకూ పరుగెడతారు.

విల్బర్‌తో చిక్కల్లా బస. ఊళ్లో 1895 నాటి పాత హోటల్ ఒకటుంది, గదులు కొన్నే, అవి ముందే అయిపోతాయి. సుమారు 55 కిలోమీటర్ల దూరంలోని లింకన్‌లో దిగి, ఉదయమే రావడం మంచిది. ఆలస్యమైతే కారు ఊరి చివర ఆపి నడవాలి, కొలాచీలూ అయిపోవచ్చు. భోజనం ఓవెన్‌లో కాల్చిన బాతు, పుల్లటి క్యాబేజీ, క్నెడ్లికీ. ఈ చివరిది గోధుమపిండి ముద్దలో పాత బ్రెడ్డు ముక్కలు కలిపి, దిమ్మెలా చుట్టి నీళ్లలో ఉడికించింది. దాన్ని దారంతో కోస్తారు, కత్తి వేస్తే అణిగి గట్టిపడుతుంది. గుల్లగా ఉంటేనే గ్రేవీ పీలుస్తుంది మరి.

తినడానికీ ఆడటానికీ అయితే వెస్టే మేలు. వెస్ట్‌ఫెస్ట్ 1976లో మొదలైంది. సెప్టెంబర్ మొదటి సోమవారం సెలవైన లేబర్ డే వారాంతంలో ఊరి ఫెయిర్ గ్రౌండ్స్‌లో జరుగుతుంది, గేటు దగ్గర టికెట్ ఉంటుంది. ఎక్కువమంది చేసే తప్పు సెలవు కదా అని సోమవారం రావడం. పండుగ శని, ఆదివారాలే, సోమవారానికి మైదానం ఖాళీ. ఆదివారం ఉదయం పోల్కా అనే చెక్ జంట నృత్యపు బాణీలతో జరిగే చర్చి ప్రార్థనకు వెళ్లండి, ఎండ ముదరకముందే పండుగ అసలు కళ కనిపించేది అక్కడే. మధ్యాహ్నం ఎండ హైదరాబాద్ మే నెలను గుర్తుచేస్తుంది, పిల్లలుంటే సాయంత్రం మళ్లీ రావడమే నయం.

పోల్కా రాకపోయినా పర్వాలేదు, రెండు నియమాలు తెలిస్తే చాలు. జంటలన్నీ గడియారం ముల్లుకు ఎదురు దిక్కులో తిరుగుతాయి. వేగంగా ఆడేవాళ్లు అంచున, కొత్తవాళ్లు నడిమధ్యన ఉండాలి. ఆడుతూ ఉన్నట్టుండి ఆగిపోతే వెనకవాళ్లు గుద్దుకుంటారు. రబ్బరు అడుగున్న బూట్లు చెక్కనేలను పట్టేస్తాయి, ఒళ్లు తిరిగినా పాదం తిరగక మోకాలు మెలిపడుతుంది. తోలు అడుగున్నవి వేసుకోండి.

శాకాహారులకు వెస్ట్‌లో ఒక జాగ్రత్త. చెక్‌లో కొలాచ్ అంటే ఒకటి, కొలాచె బహువచనం. మధ్యలో గుంట చేసి గసగసాలు, ఆప్రికాట్, ఎండు ప్లమ్ లేదా పనీరు లాంటి తీపి త్వారోహ్ పెట్టిన పులిసిన పిండి రొట్టె అది. సాసేజీ చుట్టిన పొడుగాటి రొట్టె పేరు క్లొబాస్నెక్. అది టెక్సస్‌లోనే పుట్టింది. కానీ చాలా షాపుల్లో దాన్నీ కొలాచీ అనే అమ్ముతారు. గుండ్రంగా ఉండి పైన నింపినది కనిపిస్తే పండ్లదో పనీరుదో, మూసేసి ఉంటే మాంసం ఉందనే లెక్క. గుడ్డు, పంది కొవ్వు కూడా తిననివాళ్లు పిండి గురించి అడిగే కొనాలి. ఉద్యోగానికి డ్రగ్ టెస్ట్ ఉన్న వారంలో గసగసాలది వద్దు, నిజంగానే పాజిటివ్ రావచ్చు.

సీడర్ ర్యాపిడ్స్‌కు వెళ్లాల్సింది పండుగ కోసం కాదు, చరిత్ర కోసం. అక్కడి జాతీయ చెక్, స్లొవాక్ మ్యూజియం భవనాన్ని 1995లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్, చెక్ అధ్యక్షుడు వాస్లావ్ హావెల్, స్లొవాక్ అధ్యక్షుడు మిఖాల్ కొవాచ్, ముగ్గురూ కలిసి ప్రారంభించారు. 2008 వరదలో అది మునిగింది. దాన్ని కూల్చలేదు, 2011లో భవనాన్ని భవనంగానే లేపి 480 అడుగులు జరిపి, 11 అడుగులు ఎత్తులో కూర్చోబెట్టారు. 2012లో మళ్లీ తెరిచారు. ఊళ్లో మే నడుమ హోబీ డేస్ జరుగుతుంది. హోబీ అంటే పుట్టగొడుగులు, అసలు మోజంతా అడవిలో వసంతంలో మొలిచే మోరెల్ మీదే. వానలు సరిగా పడని ఏడు అవి దొరకడం కష్టం, ధర మండిపోతుంది. దొరికితే పచ్చివి కొరకొద్దు, బాగా ఉడకనిదే అవి విషం. పిల్లలకు వలస కథ చెప్పాలనుకునేవాళ్లకు ఈ ఊరిని మించింది లేదు. సందడి చాలనుకుంటే ఇంత దూరం అక్కర్లేదు.

పై మూడింటిలోనూ స్లొవాక్ కన్నా చెక్ వాటాయే ఎక్కువ. స్లొవాక్ సంస్కృతి కోసమే వెళ్లేవాళ్లు పిట్స్‌బర్గ్ చూడాలి. అక్కడి విశ్వవిద్యాలయంలోని 42 అంతస్తుల కేథడ్రల్ ఆఫ్ లెర్నింగ్‌లో, సాధారణంగా నవంబర్ మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం స్లొవాక్ హెరిటేజ్ ఫెస్టివల్ జరుగుతుంది. చిన్నదే, కొన్ని గంటలే, కానీ లోపల జరుగుతుంది కాబట్టి ఎండావానా బెడద లేదు. 1939లో ప్రారంభించిన చెకొస్లొవాక్ గది అదే భవనంలో ఉంది. చెక్‌లూ స్లొవాక్‌లూ ఒక దేశంగా ఉందామని 1918 మే 31న ఒప్పందం కుదిరింది ఈ నగరంలోనే. అందులో స్లొవాక్‌లకు సొంత పాలన, శాసనసభ, న్యాయస్థానాలు ఉంటాయని రాశారు, ఆ మాట నిలబడలేదన్న బాధ తర్వాత ఎన్నో దశాబ్దాలు సాగింది. 1993 జనవరి 1న రెండూ వేరు దేశాలయ్యాయి. తిండి దగ్గర కూడా తేడా అడిగి తెలుసుకోండి. పిట్స్‌బర్గ్‌లో హలుష్కీ అంటే క్యాబేజీతో వేయించిన నూడుల్స్, చాలాసార్లు బేకన్‌తో. స్లొవాకియాలో అయితే బంగాళాదుంప పిండి ముద్దల మీద బ్రిండ్జా అనే గొర్రెపాల చీజ్ వేస్తారు. రెండోది వడ్డిస్తున్నారని తెలిస్తే ముందు ఆ వరుసలోనే నిలబడండి.