గోథే బి2 పరీక్షా, టెల్క్ బి2 పరీక్షా?

జర్మన్ భాషలో బి2 (ఆరు స్థాయిల్లో నాలుగోది) దాకా వచ్చినవారిని, ముఖ్యంగా జర్మనీలో నర్సు ఉద్యోగానికి సిద్ధమవుతున్న మన పిల్లలను, తరచూ తికమకపెట్టే ప్రశ్న ఇది.

గోథే ఇన్‌స్టిట్యూట్ నిర్వహించే గోథే పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు భాగాలను విడివిడిగా రాయవచ్చు. ఒక్కోదానిలో 100కి 60 రావాలి, ఒకటి తప్పితే ఆ ఒక్కదానికే మళ్లీ ఫీజు కడితే చాలు.
టెల్క్ అనే జర్మన్ సంస్థ నిర్వహించే పరీక్షలో రాత (చదవడం, వినడం కూడా ఇందులోనే), మౌఖికం అని రెండే భాగాలు. రెండింటిలోనూ 60 శాతం రావాలి, అయితే వినడంలో తగ్గిన మార్కులను చదవడంలో పూడ్చుకోవచ్చు.

అసలు తేడా వ్యాకరణం దగ్గర తెలుస్తుంది. టెల్క్‌లో దానికి ప్రత్యేక విభాగమే ఉంది: ‘ఫ్రోయెన్’ క్రియకు ‘ఔఫ్’ చేరితే రాబోయేదాని కోసం ఆనందంగా ఎదురుచూడడం, ‘ఊబర్’ చేరితే జరిగినదానికో ఉన్నదానికో సంతోషించడం, ఇటువంటివి నోటికి రాకపోతే అక్కడ మార్కులు జారిపోతాయి. గోథేలో అటువంటి విభాగం లేదు గాని, 75 నిమిషాల్లో రెండు రచనలు పూర్తి చేయాలి.

ఏదో ఒక నైపుణ్యంలో బాగా వెనుకబడి, హైదరాబాదులోనే పరీక్ష రాయదలచినవారికి నేను గోథేనే సూచిస్తాను. వ్యాకరణం గట్టిగా ఉండి, వినికిడి కాస్త బలహీనమైనవారికి, చేర్చుకునే సంస్థ అంగీకరిస్తే, టెల్క్ మేలు.