అమెరికా విస్తరణ స్పైరల్ నోట్సు: కొనొచ్చు, ఎర్ర పెన్ను పక్కన పెట్టుకుని

అనంతపురం టవర్ క్లాక్ చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో అమెరికా సామ్రాజ్యవాదం మీద ఒక స్పైరల్ బైండు నోట్సు అమ్ముతున్నారు. సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపరుకి, ఎం.ఏ. హిస్టరీకి తెలుగులో చదివేవాళ్లు కొంటున్నారు. అట్ట మీద రాసినవాళ్ల పేరు లేదు. తేదీలు దాదాపు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒకదాని తర్వాత ఇంకొకటి ఎందుకు జరిగిందన్న దగ్గరే తడబడ్డారు.

అన్నిటికన్నా బాగా కుదిరింది హవాయి అధ్యాయం. 1875 ఒప్పందంతో అక్కడి చక్కెర సుంకం లేకుండా అమెరికాకి వెళ్లడం, 1887లో దాన్ని పొడిగిస్తూ పెర్ల్ హార్బర్ మీద హక్కు రాయించుకోవడం, 1890 మెకిన్లీ టారిఫ్ అన్ని దేశాల ముడి చక్కెర మీదా సుంకం ఎత్తేసి సొంత దేశపు ఉత్పత్తిదారులకు పౌనుకి 2 సెంట్ల బౌంటీ (ప్రోత్సాహక సొమ్ము) ఇవ్వడం, అన్నీ వరుస తప్పకుండా చెప్పారు. పామాయిల్ మీద దిగుమతి సుంకం తగ్గిస్తే మన శెనక్కాయల రేటు ఏమవుతుందో చూసిన జిల్లా ఇది. సుంకం లేని వెసులుబాటు తమకొక్కరికే కాకుండా పోయేసరికి హవాయి తోటల యజమానులకు గుండె ఎందుకు జారిందో ఇక్కడివాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. 1893 జనవరి 17న హవాయి రాణి లిలియుఒకలానిని గద్దె దించేటప్పుడు బోస్టన్ అనే అమెరికా యుద్ధనౌక సైనికులు ముందురోజే ఒడ్డుకి దిగారన్న సంగతి కూడా వదిలిపెట్టలేదు.

తర్వాతి పేజీలోనే దెబ్బతిన్నారు. 1893 నాటి చక్కెర కారణాన్నే 1898లో హవాయిని అమెరికాలో విలీనం చేసుకోవడానికీ అంటగట్టారు. ఆ చక్కెర బౌంటీ 1894లోనే రద్దయింది. అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ విలీనానికి ఒప్పుకోలేదు. 1897లో కొత్త విలీన ఒప్పందం వస్తే హవాయి ప్రజలు 21 వేలకు పైగా సంతకాలతో అర్జీ పెట్టారు, సెనేట్‌లో దానికి కావాల్సిన మూడింట రెండు వంతుల ఓట్లు కూడలేదు. దారి తెరిచింది ఫిలిప్పీన్స్‌లోని మనీలా. స్పెయిన్‌తో యుద్ధంలో 1898 మే 1న అక్కడ అమెరికా నౌకాదళాధికారి డ్యూయీ గెలిచాక, పసిఫిక్ మధ్యలో ఓడలకు బొగ్గు నింపుకునే చోటు అత్యవసరమైంది. అప్పుడు ఒప్పందం మాట పక్కన పెట్టి, ఉభయ సభల ఉమ్మడి తీర్మానంగా జూలైలో నెగ్గించారు, దానికి మామూలు మెజారిటీ చాలు. మార్కులు తెచ్చే వాక్యం ఇదే, నోట్సులో ఇదే లేదు.

క్యూబా పేజీ మాత్రం కొట్టేసి మళ్లీ రాసుకోవాల్సిందే. ‘స్పెయిన్ నుంచి క్యూబా, పోర్టోరికో, గువామ్, ఫిలిప్పీన్స్ స్వాధీనం’ అని నాలుగిటినీ ఒకే గాటన కట్టేశారు. యుద్ధం ముగించిన 1898 డిసెంబరు 10 పారిస్ ఒప్పందంలో పోర్టోరికో, గువామ్ అమెరికాకి దఖలయ్యాయి. ఫిలిప్పీన్స్‌కి 2 కోట్ల డాలర్లు చెల్లించారు. క్యూబాని కలుపుకోబోమని యుద్ధానికి ముందే అమెరికా కాంగ్రెస్ టెల్లర్ సవరణలో మాటిచ్చింది కాబట్టి కలుపుకోలేదు. బదులుగా 1901లో ప్లాట్ సవరణ తెచ్చారు: తన స్వాతంత్ర్యానికి భంగం కలిగే ఒప్పందాలు క్యూబా పరాయి దేశాలతో చేసుకోకూడదు, తీర్చలేని అప్పులు చేయకూడదు, అవసరమనుకుంటే అమెరికా జోక్యం చేసుకోవచ్చు, నౌకా స్థావరాలకు భూమి ఇవ్వాలి. గ్వాంటనామో లీజు 1903లో అలా వచ్చిందే. 1934లో ఆ సవరణ పోయింది, స్థావరం ఉండిపోయింది. దీన్ని నిజాంతో కంపెనీ నడిపిన సైన్య సహకార పద్ధతితో పోల్చి రాస్తే జవాబు నిలబడుతుంది. 1800లో సైన్యం ఖర్చు కింద దత్త మండలాలను రాయించుకున్న తీరు మనకి పాఠమే కదా. ఇంత దగ్గరి ఉదాహరణ ఉండగా నోట్సు ఈజిప్టు దాకా వెళ్లింది!

అన్నట్టు, అమెరికా ఖండాల్లో ఐరోపా దేశాలు తలదూర్చకూడదన్న మన్రో సిద్ధాంతం పక్కన వేసిన బొమ్మ థామస్ మన్రోది. దత్త మండలాల కలెక్టరు ఆయన. 1823 డిసెంబరులో సిద్ధాంతం ప్రకటించింది అమెరికా అధ్యక్షుడు జేమ్స్ మన్రో. బొమ్మ వల్ల మార్కులేమీ పోవు గానీ, రాయలసీమలో అచ్చయిన నోట్సులో ఈ పొరపాటా?

యుద్ధానికి ముందు పేలిపోయిన అమెరికా యుద్ధనౌక ‘మెయిన్’ను స్పెయినే పేల్చిందని ఖాయంగా రాశారు. 1898 ఫిబ్రవరి 15 పేలుడుకి బయటి మందుపాతరే కారణమని అప్పటి అమెరికా నౌకాదళ విచారణ అంది, కానీ ఫలానావాళ్లు పెట్టారని తేల్చలేదు. 1976లో అడ్మిరల్ రికోవర్ చేయించిన పరిశీలన, బొగ్గు గదిలో నిప్పంటుకుని పక్కనున్న మందుగుండుకి పాకి ఉండొచ్చంది. ‘స్పెయిన్ మీద నింద పడింది’ అని రాసుకుంటే చాలు.

అమెరికా పాలనను ఎదిరించి ఫిలిప్పీన్స్ వాళ్లు చేసిన యుద్ధానికి ఇచ్చింది అర పేజీ. నాకైతే ఇది పెద్ద లోటు. 1899 ఫిబ్రవరి 4న మనీలాలో కాల్పులు మొదలయ్యాయి, రెండు రోజులకే సెనేట్ పారిస్ ఒప్పందాన్ని 57–27తో ఆమోదించింది. కావాల్సినదానికన్నా ఒక్క ఓటే ఎక్కువ. ఫిలిప్పీన్స్ వాళ్ల నాయకుడు ఆగినాల్డో 1901 మార్చిలో పట్టుబడ్డాడు. 1902 జూలై 4న యుద్ధం ముగిసిందని ప్రకటించినా దక్షిణ దీవుల్లోని ముస్లింలైన మోరోలతో పోరు 1913 దాకా సాగింది.

చైనా ఓపెన్ డోర్ (అక్కడ అన్ని దేశాలకూ సమానంగా వర్తకం), డాలర్ దౌత్యం (పెట్టుబడులతో పలుకుబడి) అధ్యాయాలు పర్వాలేదు. పనామాలో ఒక్క అంకె దిద్దుకోవాలి: అమెరికా చేతికి వచ్చిన కాలువ మండలం వెడల్పు మొత్తం 10 మైళ్లు, నోట్సులో వేసిన 5 ఒక్కో వైపుది.

ఎం.ఏ. వాళ్లు 1901 ఇన్సులర్ కేసులను (కొత్తగా వచ్చిన దీవుల హోదా మీద అమెరికా సుప్రీంకోర్టు తీర్పులు) బయట చదువుకోవాలి, నోట్సులో ఆ ఊసే లేదు. పోర్టోరికో అమెరికాకి చెందింది గానీ అమెరికాలో పూర్తిగా భాగం కాదని, డౌన్స్ కేసులో 5–4తో తీర్పొచ్చింది. రాజ్యాంగం మొత్తం అక్కడ వర్తించకపోవడానికి మూలం అదే.

మ్యాపు అసలు ప్రతిలో రంగుల్లో ఉన్నట్టుంది, జిరాక్సులో అంతా ఒకే బూడిద రంగు. 1867 అలాస్కా, 1898 పోర్టోరికో, 1917 వర్జిన్ దీవులు ఒకేలా కనిపిస్తాయి. కొన్నవాటికి అడ్డగీతలు, యుద్ధంలో వచ్చినవాటికి చుక్కలు పెన్సిల్‌తో పెట్టుకోండి. ఫిలిప్పీన్స్‌కి రెండూ పెట్టాలి.