కాక్‌పిట్ రాడార్‌లో ఆ పసుపు చాపం: కొన్నేళ్ల వాడకం తరువాత

వాతావరణ రాడార్ తెర మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు వరుసగా పెరిగే వాన తీవ్రతకు గుర్తులని విమానాలు నడిపేవారికి చెప్పనక్కరలేదు. నేను రాస్తున్నది తెర అంచున అప్పుడప్పుడు వెలిగే సన్నని పసుపు చాపం గురించి. అది వెలిగిన దిక్కున దట్టమైన వాన రాడార్ శక్తిని మింగేసిందనీ, దాని వెనుక కనిపిస్తున్న నలుపును నిర్మలాకాశమని నమ్మరాదనీ అర్థం. తనకు ఎటు కనిపించడం లేదో తానే చెప్పే పరికరమంటే నాకు ఎంతో గౌరవం.

ఒక మే నెల సాయంత్రం విశాఖపట్నం నుంచి కోల్‌కతా వెళ్తుండగా ఒడిశా తీరం మీద, సరిగ్గా మా దారిలో, వెడల్పాటి ఎర్రని సెల్ (ఉరుముల వాన ముద్ద) ఒకటి నిలిచింది. ఎడమ పక్కగా దాటి వెంటనే దాని వెనుకకు తిరిగితే దారి బాగా కలిసివచ్చేలా, అవతల అంతా నల్లగా, ఖాళీగా ఉంది. అయితే ఆ ఎరుపు వెనుక అంచు లోపలికి వంగి ఉంది, సరిగ్గా ఆ దిక్కునే చాపం వెలిగింది. కంట్రోలర్‌ను అడిగి కుడివైపు సముద్రం మీదుగా దూరంగా చుట్టి వెళ్లాం. పక్కకు చేరి అటు చూసేసరికి, ఇందాకటి నలుపు ఉన్నచోట మొదటిదానికంటే పెద్ద సెల్, దాని నడుమ కుదుపులను సూచించే మెజెంటా మచ్చలు కనిపించాయి.

1977 ఏప్రిల్ 4న అమెరికాలోని జార్జియాలో సదరన్ ఎయిర్‌వేస్ 242 విమానం వడగళ్ల వానలో రెండు ఇంజిన్లూ ఆగి కూలిపోయింది. విమానంలోని రాడార్‌ను నమ్ముకుని ఉరుముల మేఘాల్లోకి వెళ్లడం అందుకు దోహదం చేసిందని దర్యాప్తు సంస్థ పేర్కొన్నది.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట చేర్చక తప్పదు. మా విమానాల్లో ఈ చాపం గెయిన్ (రాడార్ గ్రహణశక్తిని పెంచే, తగ్గించే అమరిక) ప్రామాణిక స్థానంలో ఉన్నప్పుడే, అదీ 80 నాటికల్ మైళ్ల లోపలి వానకే పనిచేస్తుంది. చాలా ఎత్తులో, పొడి మంచు స్ఫటికాల నుంచి ప్రతిధ్వని బలహీనంగా వచ్చేచోట, మేఘం తలను చూడడానికి గెయిన్ పెంచితే చాపం సాయం ఉండదు. రాడార్ తన కోణాన్ని తానే సరిచేసుకునే ఆటో మోడ్‌ను కూడా మునుపంతగా పొగడను. సందేహం వచ్చినప్పుడు టిల్ట్‌ను, అంటే యాంటెన్నా పైకీ కిందకీ వంగే కోణాన్ని, చేత్తో కదిపి చూస్తాను. 100 నాటికల్ మైళ్ల దూరంలో ఒక్క డిగ్రీ మార్పు అంటే ఎత్తులో సుమారు 10,000 అడుగుల తేడా.

రుతుపవనాలకు ముందు నెలల్లో తూర్పు తీరం వెంట ఎగిరే నాకు ఈ చాపం లేని రాడార్ వద్దనిపిస్తుంది. భారీ వానలు అరుదైన మార్గాల్లో తిరిగేవారికి మాత్రం ఇది ఎప్పుడో గాని వెలగకపోవచ్చు, అలాంటివారు దీనికోసమే పాత రాడార్ మార్చాలని నేను చెప్పలేను.