పాత టాటా మొబైల్ పికప్: నాలుగేళ్లు నడిపాక

ముందే చెప్పేస్తున్నా, రంగు మీద డబ్బులు పెట్టే ముందు బండి కింద దూరి చూడండి. నేను చూడలేదు, అందుకే ఒకే బండికి రెండుసార్లు రంగు వేయించాను.

నాది 1993 బండి, టాటా మొబైల్ 206. అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద మేత బస్తాలు మోసి మోసి చివరికి ఓ మూలన పడి ఉంటే 65 వేలకి తీసుకున్నా. ఆపైన 2.6 లక్షలు పెట్టాను. ఇంట్లో లక్షన్నర అని చెప్పాను, మా ఆవిడ ఇలాంటివి చదవదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

నేను భయపడింది ఇంజన్ గురించి. తీరా చూస్తే అన్నిటికన్నా తేలిగ్గా అయిపోయింది అదే. 1948 సీసీ డీజిల్, 1994లో వచ్చిన టాటా సుమోలోనూ ఇదే వాడారు, అందుకని విజయవాడ ఆటోనగర్‌లో టాటా మొబైల్ సామాను అంటే కుర్రాళ్లు మన మొహం వంక చూస్తారు గానీ పాత సుమోది అంటే పిస్టన్లు, రింగులు, గాస్కెట్లు తీసి బల్ల మీద పెడతారు. ఒక్క హీటర్ ప్లగ్గులే నన్ను తిప్పలు పెట్టాయి. ఈ ఇంజన్లో డీజిల్ మొదట సిలిండర్ పక్కనున్న చిన్న గదిలో అంటుకోవాలి, చలిగా ఉంటే ఆ గదిని వేడి చేసేది ఆ ప్లగ్గులే. డిసెంబర్ పొద్దున సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోయేది, అంటుకున్నాక వీధంతా తెల్ల పొగ. డీజిల్ పంపు పోయిందనుకుని విప్పించబోయాను. రెండు ప్లగ్గులు చచ్చిపోయాయి, అంతే.

ఇక తుప్పు. మొదట చేయించిన రంగు అద్దంలా వచ్చింది, నెల్లూరు ట్రంకు రోడ్డులో ఆపితే జనం ఫోటోలు తీసుకున్నారు. ఒక్క వానాకాలం గడిచేసరికి తలుపుల అడుగున బొబ్బలు, ఇంకో నెలకి పుట్టీ అప్పచ్చుల్లా ఊడింది. టింకరింగ్ మేస్త్రి వెనక సరుకేసే తొట్టి కింద స్క్రూడ్రైవర్‌తో పొడిచి "ఏందబ్బయా, ఇది బండా జల్లెడా?" అన్నాడు. గుంటల ఉప్పునీళ్లు తొట్టిలోంచి కారి కింది అడ్డపట్టీల్లోకి దిగాయి, నీళ్లు పోవాల్సిన చిల్లులేమో బురదతో మూసుకుపోయాయి, అలా ఏళ్ల తరబడి లోపల్నుంచి తినేసింది. పైన ఎంత రంగు పూసినా ఏం లాభం? తొట్టి దించి, కుళ్లిన రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించి, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ కొట్టించి, లోపల బోలుగా ఉండే పెట్టె భాగాల్లోకి పాత ఇంజనాయిల్ పోయించాను, ఆ తర్వాతే రంగు. రెండున్నరేళ్లయింది, బొబ్బ లేదు. మైపాడు బీచికి వెళ్లొస్తే మాత్రం అదే రోజు కింద మంచినీళ్లు కొడతాను.

నడపడానికి ఎలా ఉందంటే, నా బండికి పవర్ స్టీరింగ్ లేదు, సంత రోజు సందులో తిప్పాలంటే భుజాలు పట్టేస్తాయి. హైవే మీద 70 దాకా హాయిగా ఉంటుంది, ఆపైన మాటలు వినపడవు. లీటరుకి పన్నెండు కిలోమీటర్లు ఇస్తోంది. రోహిణి కార్తెలో ఒంగోలు వెళ్తుంటే ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీతకి చేరిందని రేడియేటర్‌కి కొత్త కోర్ వేయించాను, మళ్లీ ఆ బాధ లేదు. సరుకు బండి, వయసు ఎనిమిదేళ్లు దాటింది కాబట్టి ఫిట్‌నెస్ ఏటా చేయించుకోవాల్సిందే.

డీజిల్ ముల్లు ఇప్పటికీ పనిచేయదు, ట్యాంకులో వెదురు పుల్ల ముంచి చూసుకుంటున్నా.