ట్రోగిర్ నుంచి విస్ దాకా తెరచాప పడవలో: అసలు గొడవ డిపాజిట్ దగ్గరే

మేం పడవ అద్దెకు తీసుకున్న కంపెనీ పేరు రాయను. వాళ్ల డిపాజిట్ వ్యవహారం మాత్రం రాయకుండా ఉండలేను. క్రొయేషియాలో పడవ ఎక్కుదామనుకునే మనవాళ్లు జర్మనీలో చాలామందే ఉన్నారు, వాళ్లకి పనికొస్తుంది.

మ్యూనిక్ నుంచి క్రొయేషియా తీరంలోని ట్రోగిర్‌కి కారులోనే వెళ్లాం. నేను, మా ఆయన, మా మరిది, తోటికోడలు. దారిలో చెప్పుకోదగ్గ ఇబ్బందేమీ లేదు. జులై మొదటి వారంలో 38 అడుగుల పడవ, మూడు గదులు, శనివారం నుంచి శనివారం దాకా 2,900 యూరోలు. మాలో ఎవరికీ లైసెన్స్ లేదు కాబట్టి పడవ నడిపే స్కిప్పర్‌ని పెట్టుకున్నాం. రోజుకి 190 యూరోలు, తిండి మనమే పెట్టాలి, ఒక గది అతనికే పోతుంది. ఆన్‌లైన్ రేటు చూసి సంబరపడకండి. దుప్పట్లు, క్లీనింగ్, గ్యాస్ అంటూ ఇంకో 220, ఒడ్డుకి వెళ్లే చిన్న రబ్బరు పడవ మోటారుకి 90 అక్కడికక్కడే కట్టించుకున్నారు. 2,500 డిపాజిట్ మా ఆయన కార్డు మీద బ్లాక్ చేశారు.

పడవ అప్పగించిన కుర్రాడికి ఒకటే తొందర. వెనక నిచ్చెన పక్కన జానెడు గీత కనిపిస్తోంది. "అది పాతదే, ఫర్వాలేదు" అన్నాడు. టాయిలెట్ పంపు హ్యాండిల్ బిగుసుకుపోయి ఉందని చూపిస్తే "నెమ్మదిగా కొట్టండి, అదంతే" అన్నాడు. రెండూ కాగితం మీద రాయమని అడిగాం, రాయలేదు. మా తోటికోడలు మాటలతో పెట్టుకోలేదు. ఫోన్ తీసి పడవ ముందు నుంచి వెనక దాకా వీడియో తీసేసింది.

ఇక సముద్రం సంగతి. వేసవిలో అక్కడ పొద్దున నీళ్లు అద్దంలా ఉంటాయి. మధ్యాహ్నానికి వాయవ్యం నుంచి మాయెస్ట్రాల్ అనే గాలి లేస్తుంది, పొద్దుగూకేసరికి పడిపోతుంది. తెరచాపలు ఎత్తేది ఆ కొన్ని గంటలే. ఆలస్యమైతే మరీనాల్లో, అంటే ఇలాంటి పడవలు కట్టుకునే రేవుల్లో, చోటు దొరకదని మా స్కిప్పర్ పొద్దున్నే బయల్దేరదీసేవాడు. మొదటిరోజు మరిదికి వాంతులు. కిందికి వెళ్లి పడుకుంటే ఎక్కువవుతుందని, పైనే కూర్చుని దూరంగా ఒడ్డునే చూడమన్నాడు స్కిప్పర్. సాయంత్రానికి తేరుకున్నాడు, మర్నాడు చుక్కాని వదల్లేదు.

బ్రాచ్ దీవిలో మిల్నా రేవులో పడవ కట్టుకోవడానికి 84 యూరోలు, ప్రశాంతంగా ఉంది. హ్వార్ దీవిలో హ్వార్ ఊరి రేవు ఎప్పుడూ కిటకిటే. అందుకని ఎదురుగా ఉన్న పల్మిజానా మరీనాలో ఆగి, టాక్సీ పడవలో ఊళ్లోకి వెళ్లాం. మరీనాకి 142 యూరోలు. ఊరు అందంగా ఉంది కానీ నడివీధిలో రాత్రి రెండింటిదాకా డప్పుల మోత. నా మాట వింటే హ్వార్‌కి ఒక్క సాయంత్రం చాలు, మిగిలిన సమయం విస్ దీవికి ఇవ్వండి. యుగోస్లావియా కాలంలో అది సైనిక స్థావరం, 1989 దాకా విదేశీయుల్ని రానివ్వలేదు. కొండ తొలిచి జలాంతర్గాములు దాచడానికి కట్టిన సొరంగం ఇప్పటికీ ఉంది. విస్ రేవులో 71, అదే దీవికి అవతలి వైపున్న కొమిజాలో 68 యూరోలు.

మా తోటికోడలు శాకాహారి. నాలుగు రోజులు రొట్టె, జున్ను, టమాటాలతో విసిగిపోయి ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. గురువారం పొద్దున స్కిప్పర్ ఎవరికో ఫోన్ చేశాడు. సాయంత్రం షోల్టా దీవిలో షెషులా అఖాతానికి చేరాం. అక్కడ కొనోబా అంటే ఇంటివాళ్లు నడిపే భోజనశాల. అందులో తింటే పడవ కట్టుకోవడానికి డబ్బు అడగలేదు. పెకా అంటే ఇనప మూత కింద పెట్టి, పైన నిప్పులు పోసి చేసే వంట. అది గంటల ముందే చెప్పాలి, పొద్దున ఫోన్ అందుకే. పెద్దావిడ కొక్కెంతో ఇనప మూత ఎత్తింది. మూత మీది నిప్పులు పక్కకి జారాయి. లోపల బంగాళాదుంపలు, వంకాయలు, ఉల్లిపాయలు ఆలివ్ నూనెలో అంచులు మాడేలా వేగి ఉన్నాయి. పక్కన వెల్లుల్లి వేసి ఉడికించిన ఆకుకూర, బ్లిత్వా. మనిషికి 19 యూరోలు. వంకాయ నోట్లో పెట్టుకోగానే తోటికోడలు "అక్కా, గుత్తివంకాయ గుర్తొచ్చింది" అంది. ఆ పూట రెండుసార్లు వడ్డించుకుంది. ఈ ప్రయాణంలో అంతకంటే మంచి భోజనం దొరకలేదు.

గడువు శనివారం దాకా ఉన్నా, శుక్రవారం సాయంత్రమే పడవ తిరిగి ఇచ్చాం. డైవర్ నీళ్లలో దిగి అడుగు చూశాడు, బాగుందన్నాడు. మేనేజర్ మాత్రం నిచ్చెన దగ్గరికి వెళ్లి, ఆ గీతకి 680 యూరోలు అన్నాడు! తోటికోడలు వీడియో పెట్టింది. గీత, తేదీ, "పాతదే" అన్న కుర్రాడి గొంతు, అన్నీ ఉన్నాయి. అయినా రెండు గంటలు వాదించి, చివరికి 680 వదిలేశాడు. టాయిలెట్ పంపుకి మాత్రం 120 పట్టుకున్నాడు. వీడియోలో హ్యాండిల్ కనిపిస్తోంది కానీ బిగుసుకుపోయిందని కనిపించదు కదా, అదీ అతని వాదన. మా ఆయనకి బీపీ పెరగడం చూసి నేనే సంతకం పెట్టించాను. అది పచ్చి అన్యాయం, ఇప్పటికీ మండుతోంది.

వెళ్లేవాళ్లు పంపులు, లైట్లు, ఇంజిన్ నడిపిస్తూ శబ్దంతో సహా వీడియో తీయండి. లోపాలు కాగితం మీద రాసేదాకా సంతకం పెట్టకండి. డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంటే తీసుకోండి. డీజిల్ 96 కలిపి, తిండి, కారు పెట్రోలు కాకుండా నలుగురికి 5,121 యూరోలు అయింది, ఆ 120తో సహా. స్కిప్పర్‌కి ఇచ్చిన 1,330లో ఒక్క యూరో కూడా ఎక్కువ అనిపించలేదు.