మా కొండ కింది రేషన్ దుకాణం

విజయవాడలో కొండవాలు మీద కాపురముండేవారికి రేషన్ బియ్యం అనగానే ముందుగా మెట్లు గుర్తుకొస్తాయి. చిట్టినగర్ వైపు కొండ మీద మా అమ్మానాన్నల ఇల్లు ఉంది, బియ్యం ఇచ్చే దుకాణం కింద రోడ్డు మీద ఉంది. 2025 జూన్ 1 నుంచి సరుకుల పంపిణీ మళ్లీ దుకాణాలకే వచ్చింది కనుక, అప్పటినుంచి అక్కడ నేను చూసింది రాస్తున్నాను.

అంతకుముందు ఉన్న పద్ధతితో పోల్చితేనే ఈ దుకాణం విలువ తెలుస్తుంది. 2021 జనవరిలో ఇదే ఊళ్లో, బెంజి సర్కిల్ దగ్గర, రేషన్ వాహనాలను ప్రారంభించారు, రాష్ట్రమంతటికీ 9,260. నడవలేనివారి గడప దగ్గరికే బియ్యం చేరాలన్న ఆలోచన మంచిదే. అయితే వాహనం కొండ ఎక్కదు. అది వీధి మొదట్లో ఆగేది, ఏ రోజు ఏ గంటకు వస్తుందో మాకు ముందుగా తెలిసేది కాదు. మా పక్కింటి ఆవిడ నాలుగిళ్లలో పాచిపని చేస్తుంది. వాహనం కోసం ఆగితే పనిచేసే ఇళ్లలో మాటపడాలి, పనికి వెళితే ఆ నెల బియ్యం దక్కుతాయన్న నమ్మకం ఉండేది కాదు.

ఇప్పుడు దుకాణాలు నెలలో 1 నుంచి 15వ తేదీ వరకు, ఉదయం 8 నుంచి 12 దాకా, సాయంత్రం 4 నుంచి 8 దాకా తెరిచి ఉండాలని నియమం. మా దుకాణం దీన్ని చాలావరకు పాటిస్తోంది. ఆవిడ పని ముగించుకుని రాత్రి ఏడు దాటాక వచ్చినా బియ్యం అందుతున్నాయి. నా దృష్టిలో ఈ దుకాణానికున్న అన్నిటికన్నా పెద్ద గుణం ఇదే.

తూకం మీద కూడా ఫిర్యాదు లేదు. ఆహార భద్రతా చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోలు, 2023 జనవరి నుంచి ఉచితం. అమ్మానాన్నల కార్డుకు రావలసిన 10 కిలోలను మూడుసార్లు ఇంటి దగ్గర మళ్లీ తూచాను, సరిగానే ఉన్నాయి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాకే మా ఇంట్లో రెండు పూటలా అన్నం వండడం మొదలైందని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అందుకే ఒక కిలో తగ్గినా ఆమెకు అది చిన్న విషయం కాదు.

ఇబ్బంది వేలిముద్రతో వస్తోంది. ఏళ్ల తరబడి అంట్లు తోమిన చేతుల గీతలు అరిగిపోయి పక్కింటావిడ వేలు యంత్రానికి పట్టదు. కనుపాపతో గుర్తించే పరికరం ఉన్నా, అడిగితేనే బయటికి తీస్తున్నారు. అడగవచ్చునని తెలియక ఒకసారి ఆమె ఖాళీ సంచితో మెట్లెక్కింది. అరవై అయిదేళ్లు దాటినవారికి ఇంటికే తెచ్చి ఇవ్వాలన్న ఏర్పాటు కూడా మా అమ్మానాన్నల విషయంలో రెండు నెలలు అమలు కాలేదు. మూడో నెలలో డీలరు మనిషిని పంపాడు, ఆ తర్వాత ఆగలేదు.

మరొకటి చెప్పాలి. ఈ బియ్యంలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ చేర్చిన గింజలు కలిపి ఇస్తూ వచ్చారు. చూడడానికి కొంచెం తేడాగా ఉండడంతో అవి ప్లాస్టిక్ బియ్యమని మా వీధిలో ప్రచారం జరిగింది. రక్తహీనత ఉన్నవారికోసం కలిపిన గింజలను అమ్మ చేటలో పోసి ఒక్కొక్కటిగా ఏరి పారేసింది. నేను చూసి ఆపేసరికి నాలుగు నెలలు గడిచాయి. ధరల పట్టిక పక్కన ఆ గింజల గురించి తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించమని డీలరును అడిగాను. వచ్చే నెల ఒకటో తేదీకి పెడతానన్నాడు.